ఏడో నంబరు రాయి

తార్నాకలో కొమురెల్లి చేతి నుంచి వక్కపొడి అందుకున్నవాళ్లు నోట్లో వేసుకునే ముందు ఒకసారి వాసన చూస్తారు. ఆ జాగ్రత్త ఊరికే రాలేదు. యూనివర్సిటీలో నలభై ఏళ్లు తోటమాలిగా చేసి రిటైరైన ఆ మనిషి చేతిలో ఏదో ఒకనాడు బోల్తా పడని గుమాస్తా లేడు, ప్రొఫెసర్ లేడు. చదివింది ఆరో తరగతి, అదీ సగమే. కానీ పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్లను కడుపుబ్బ నవ్వించేవాడు. వాళ్లు కళ్లు తుడుచుకునేలోపు వాళ్ల టిఫిన్ డబ్బాలు మార్చేసేవాడు.

అన్నిటికంటే పేరు తెచ్చిన పని ఒకటుంది. ఒకరోజు హాస్టల్ వెనక గడ్డి కోస్తూ, నీళ్ల ట్యాంకు పక్కన పడి ఉన్న గుండ్రాయికి పసుపు రాసి, రెండు కుంకుమ బొట్లు పెట్టి, "బ్యాక్‌లాగుల మైసమ్మ. మస్తు పవరున్న తల్లి" అని ఇద్దరు పిల్లల చెవిలో ఊదాడు. ఏడాది తిరిగేసరికి అక్కడ పరీక్షల సీజనులో కొబ్బరికాయలు పగిలాయి. సగం చిప్పలు కొమురెల్లి ఇంట్లో చట్నీ అయ్యాయి. ఇప్పటికీ హాల్‌టికెట్ పట్టుకుని ఆ రాయికి దండం పెట్టనిదే పరీక్షకు పోని పిల్లలున్నారు.

చెల్లెలి కూతురు కౌముది ఆ యూనివర్సిటీలోనే హిస్టరీలో పీహెచ్‌డీ చేస్తోంది. హాస్టల్లో ఉంటుంది, ఆదివారం మాత్రం తార్నాకలో మేనమామ ఇంటికి వచ్చి తలంటుకుని, కూర తిని పోతుంది. ఆ ఆదివారం చంకలో పొడుగాటి కాగితం చుట్టతో వచ్చింది.

"ఏంది కోడలా, క్యాలెండర్లు అమ్ముతున్నవా? యూనివర్సిటీ స్కాలర్‌షిప్పు ఇస్తలేదా ఏంది?"

"మామా, జర సైలెంటుగుండు. గురువారం సెమినార్. ఇది ఫైనల్ మ్యాపు. నువ్వు చూసి తప్పులుంటే చెప్పాలె."

కౌముది ఎత్తుకున్న విషయం వాళ్ల ఊరి బొందలగడ్డ. ఊరు నాగిళ్లగూడెం. ఒకే కులం ఇళ్లు నలభై. ఆ నలభై ఇళ్లకీ కలిపి వాగు ఒడ్డున పావెకరం బొందలగడ్డ. అక్కడ పేర్లు చెక్కే ఆచారం లేదు. మనిషిని పూడ్చాక వాళ్ల చెలకలోంచే ఒక రాయి తెచ్చి తలాపున పాతుతారు. ఒకరి చెలకలో తెల్ల పలుగురాయి దొరుకుతుంది, ఒకరి చెలకలో నల్లరాయి, ఇంకొకరిదాంట్లో ఎర్రది. రాయిని చూస్తే ఏ ఇంటి మనిషో తెలిసిపోతుంది. మొగుడికి ఎడమ పక్కన పెళ్లానికి జాగా వదిలిపెడతారు. ఎంత ఇరుకైనా, ఎన్నేళ్లయినా, ఆ జాగాలో ఇంకొకరిని పెట్టరు. పెత్రమాస నాడు, అంటే పితృ అమావాస్యకు, అందరూ పోయి రాళ్లు కడిగి, బువ్వ పెట్టి, ఇంటి ముచ్చట్లన్నీ రాయికి చెప్పుకుని వస్తారు. ఊళ్లో రాసిపెట్టిన చరిత్ర అంటూ ఏమైనా ఉంటే ఆ రాళ్లే. కౌముది రెండేళ్లు తిరిగి, ముసలివాళ్లనందర్నీ అడిగి, ఒక్కో రాయికి ఒక్కో నంబరు వేసింది.

కొమురెల్లి నేల మీద మ్యాపు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"గీ నాలుగో నంబరు ఎవరు? మా చిన్నతాతనా? బతికున్నప్పుడు ఎన్నడు ఒక్కకాడ కుదురుగ కూసోలే. సచ్చినంక నీ నంబర్ల కూసున్నడు సూడు."

"నవ్వకు మామా. ఇగ చూడు, ఏడో నంబరు. పలుగురాయి. పరుశురాం మామ. పక్కన చుక్కల గీత ఉన్నది కదా, అది లచ్చవ్వత్త జాగ. 'నేను పోయినంక నన్ను గీడనే పెట్టాలె, రాసుకో బిడ్డా' అని నాతోని రాయించుకున్నది. ఊరోళ్లు గీ మ్యాపును రేకు బోర్డు మీద ఎక్కిచ్చి గేటు కాడ పెడ్తరట. ఇగ ఎవరికి బొంద తవ్వాల్నన్నా బోర్డు చూసే తవ్వుడు."

కొమురెల్లి వేలు ఏడో నంబరు దగ్గరే ఆగిపోయింది.

"పదిహేనో నంబరు నల్లరాయి" అని కౌముది చదువుకుంటూ పోతోంది. "కులపెద్ద వెంకటనర్సయ్య తాత వాళ్ల నాయిన. ఆయన ఎడమ పక్కన పదహారు, ఆయన భార్య. అన్ని కరెక్టే కదా?"

"కరెక్టే" అన్నాడు కొమురెల్లి. చాయ్ చల్లారిపోయినా తాగలేదు. కౌముది వెళ్లాక రాములమ్మ మొగుడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఏమైంది? పిల్ల వచ్చినప్పటి సంది ఒక్కపారి గూడ ఎక్కిరియ్యలే. జరమొచ్చిందా?"

జ్వరం కాదు. నలభై అయిదేళ్ల కిందటి మధ్యాహ్నం ఒకటి వచ్చి కూర్చుంది.

అప్పుడు కొమురెల్లికి పదిహేనేళ్లు. వరసకు అన్న అయ్యే పరుశురాం బావి పూడిక తీస్తుండగా ఒడ్డు కూలి చనిపోయి అప్పటికి మూడేళ్లు. కొమురెల్లిని భుజాల మీద ఎక్కించుకుని వాగు దాటించిన మనిషి, ఈత నేర్పిన మనిషి. ఆ బావి వెంకటనర్సయ్యదే. ఆ వెంకటనర్సయ్య ప్రతి పెత్రమాసకూ అందరికంటే ముందు బొందలగడ్డకు వచ్చి, తండ్రి నల్లరాయి ముందు సాష్టాంగపడి, "మా నాయిన అసుంటోడు మల్ల పుట్టలే" అని ఊరంతా వినేలా చెప్పేవాడు. పరుశురాం రాయి వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. ఈసారి అతని చేత పరుశురామన్నకే మొక్కించాలని కొమురెల్లికి బుద్ధి పుట్టింది. పెత్రమాసకు ముందురోజు, అందరూ చెలకల్లో ఉన్న వేళ, గడ్డపార తీసుకుపోయి రెండు రాళ్లూ పెకిలించి, దొర్లించి, ఒకదాని చోట ఇంకొకటి పాతేశాడు. రెండూ మోకాలెత్తువే. మూడేళ్ల వానలకు బొందలన్నీ చదునై, రాయిని బట్టి తప్ప ఏది ఎవరిదో పోల్చుకునే వీల్లేదు. చెమటలు కారాయి, నవ్వూ ఆగలేదు.

మర్నాడు వెంకటనర్సయ్య పరుశురాం బొంద ముందు బోర్లా పడుకుని "నాయినా" అన్నాడు. తుమ్మచెట్ల చాటున కొమురెల్లి అరచేతిని కొరుక్కుంటూ నవ్వాడు. సాయంత్రానికి మళ్లీ మార్చేద్దామనుకున్నాడు. కానీ వెంకటనర్సయ్య ఆ ఏడాది పట్నం నుంచి మేస్త్రీని పిలిపించాడు. మేకలు రాళ్లను పడేస్తున్నాయని, బువ్వలు పెట్టడం అయిన వెంటనే, అన్ని రాళ్లకూ సిమెంటు గద్దెలు కట్టించాడు. కొమురెల్లి చూస్తూ నిలబడ్డాడు. నోరు తెరిస్తే చెట్టుకు కట్టేసి కొడతారు. తెరవలేదు. వారం తిరగకుండానే యూనివర్సిటీలో దినకూలీ పని దొరికిందని పట్నం వచ్చేశాడు.

ఆరేళ్ల తర్వాత, డిపార్టుమెంటు ముందు గులాబీలకు నీళ్లు పడుతుంటే బావమరిది వచ్చి వెంకటనర్సయ్య తల్లి పోయిందని చెప్పాడు.

"ఏడ పెట్టిండ్రు?"

"ఏడ పెడ్తరు? మొగని పక్కనే."

కొమురెల్లి పైపు ఒక్క మొక్క మీదే పట్టుకుని నిలబడ్డాడు. పాదు నిండి, నీళ్లు బాట మీదికి పారి, ఎవరిదో చెప్పు కొట్టుకుపోయినా చూడలేదు. నల్లరాయి పక్కన పెట్టారంటే పరుశురాం పక్కన పెట్టారని. లచ్చవ్వ జాగాలో పెట్టారని.

అప్పట్నుంచి పెత్రమాసకు ఊరికి పోవడం మానేశాడు. ఒకసారి లీవు దొరకలేదన్నాడు, ఒకసారి నడుం నొప్పన్నాడు. తను చేసిన పోకిరి పనులన్నీ పదిమందికి చెప్పుకుని మురిసే మనిషి, ఈ ఒక్కటి మాత్రం పెళ్లానికి కూడా చెప్పలేదు. వెంకటనర్సయ్య ఎనభై ఏళ్లు బతికి, ఆ గద్దె మీదే ఏటా బువ్వ పెట్టి, మొన్నామధ్య పోయాడు. అతనికి చెప్పుకునే దారి కూడా మూసుకుపోయింది.

గురువారం పదకొండు గంటలకు సెమినార్. కొమురెల్లి ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయి ఆఖరి వరసలో కూర్చున్నాడు. లచ్చవ్వ ముందు వరసలో ఉంది. కళ్ల ఆపరేషన్ కోసం వచ్చి గోల్నాకలో కూతురి దగ్గర ఉంటోందని, కౌముది పోయి తీసుకొచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి. నల్లద్దాలు పెట్టుకుని, చీర కొంగు నిండుగా కప్పుకుని, బళ్లో మొదటిరోజు కూర్చున్న పిల్లలా నిటారుగా కూర్చుంది.

కౌముది తెర మీద మ్యాపు చూపించి, ఏ రాయి ఏ కాలందో, కలరా వచ్చిన ఏడు ఒకే వరసలో ఎన్ని రాళ్లు లేచాయో చెప్పింది. చివర్లో, "ఇది పుస్తకాల్లో ఉన్న చరిత్ర కాదు. చెప్పేటోళ్లు ఇక్కడే ఉన్నరు" అని లచ్చవ్వను లేపింది. లచ్చవ్వ మైకును దూరంగా నెట్టేసింది.

"నాకు సదువు రాదు సారూ. మా ఆయన పోయిన్నాడు నా బిడ్డ పాలు తాగే పిల్ల. ఏడాదికోపారి పోయి రాయిని కడుగుత. కడుక్కుంట అన్ని చెప్త. బిడ్డ పెద్దమనిషైంది చెప్పిన. బర్రె సచ్చిపోయింది చెప్పిన. వెంకటనర్సయ్య గట్టు జరిపి నా చెలక గుంజుకున్నడు, గది చెప్పి ఏడ్సిన. వాని నాయిన గూడ గసుంటోడే అని తిట్టిన. మా ఆయన వింటడు. మొన్న కండ్లు మంచిగైనంక గీ పిల్ల మ్యాపు సూపెట్టింది. నా జాగ నాకు మంచిగ కనవడ్డది. గంతే. గది ఎవ్వలకియ్యకుండ్రి."

అందరూ చప్పట్లు కొట్టారు. కొమురెల్లి చెవిలో ఒక్క మాటే నిలిచింది. వాని నాయినను తిట్టిన, అంది. ఆ తిట్లన్నీ వాని నాయిన ఆ పలుగురాయి కిందే పడుకుని విన్నాడు.

లేచి నిలబడ్డాడు. ఎప్పుడు లేచాడో తనకే తెలియలేదు.

"సార్, గా మ్యాపు తప్పు. ఏడో నంబరుల పరుశురామన్న లేడు. పదిహేనుల ఉన్నడు. రాళ్లు నేనే మార్చిన."

హాలంతా గొల్లున నవ్వింది. ఆ డిపార్టుమెంటులో అతన్ని తెలియనివాళ్లు లేరు.

"రిటైరైనా మారలేదయ్యా కొమురెల్లీ! నా రిటైర్మెంటు రోజు కుర్చీ మార్చింది కూడా నువ్వేనా?" అని పెద్ద ప్రొఫెసర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

కౌముది మాత్రం పళ్లు కొరికింది. "మామా, గిది నీ బ్యాక్‌లాగుల మైసమ్మ కాదు. నా రెండేండ్ల పని. దండం పెడ్త, కూసో."

లచ్చవ్వ కూడా వెనక్కి తిరిగి, నల్లద్దాల కింద నుంచి నవ్వుతోంది. ఆ నవ్వులన్నీ చూసి కొమురెల్లి మొహం, నలభై ఏళ్ల అలవాటు కొద్దీ, దానంతటదే నవ్వింది. కూర్చున్నాడు. గుండె మీద నుంచి బరువు దిగినట్టయింది. చెప్పానుగా, నమ్మకపోతే నేనేం చేయను అని ఒక మాట లోపల మెదిలింది. ఆ మాట తనదేనని తెలిసి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. రాళ్లు మార్చినప్పుడు పదిహేనేళ్లు. ఇప్పుడు నవ్వినప్పుడు అరవై.

సెమినార్ అయ్యాక లచ్చవ్వను బస్సెక్కించే పని అతనికే పడింది. కౌముది మ్యాపు కాపీ ఒకటి మడిచి ఆమె చేతిలో పెట్టింది. ఇద్దరూ మెల్లగా నడిచి హాస్టల్ వెనక దారిలోకి వచ్చారు. అటైతే బస్టాపుకు దగ్గర. నీళ్ల ట్యాంకు పక్కన లచ్చవ్వ ఆగి, పసుపు పూసిన రాయికి చేతులు జోడించింది.

"ఏ తల్లి గీమె?"

కొమురెల్లి జవాబు చెప్పేలోగా, పరీక్షకు పోతున్న అమ్మాయి ఒకతి వచ్చి రాయిని ముట్టి కళ్లకు అద్దుకుంది. "తాతా, గీ తల్లికి మొక్కితే నిజంగ పాసైతరా? మా సీనియర్లు చెప్పిండ్రు" అని అడిగింది. అలాంటి ప్రశ్నకు అతని దగ్గర పది జవాబులుండేవి.

"చదువుకో బిడ్డా" అన్నాడు.

వేపచెట్టు కింద సిమెంటు బెంచీ మీద లచ్చవ్వ కూలబడింది. "నువ్వు మారవు పిలగా. అంత పెద్ద సార్ల ముందట గట్ల ఎక్కిరిస్తవా? పిల్ల మొకం సూసినవా, ఎట్ల చిన్నబోయిందో."

"వదినా, నేను ఎక్కిరియ్యలే."

"ఆ. అమృతాంజనమని నాకు సున్నమిచ్చిన నాడు గూడ గట్లనే అన్నవు."

"వదినా." కొమురెల్లి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. "పలుగురాయి కింద ఒక ఎర్రగుడ్డ పేలిక ఉండె. ముడేసి ఉండె. ఇప్పి సూసిన. పచ్చగాజుల ముక్కలు."

లచ్చవ్వ నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది, కానీ లోపలి నుంచి ఎవరో దాన్ని వదిలేసి వెళ్లిపోయినట్టుంది. చెయ్యి మెల్లగా తన రెండో మణికట్టు పట్టుకుంది.

అవి మొగుడు పోయాక తన గాజులు పగలగొట్టినప్పుడు పోగేసుకున్న ముక్కలు. పదకొండో రోజు దాటాక ఒక్కతే పోయి రాయి పాదులో దాచిపెట్టింది. తల్లికి చెప్పలేదు, కూతురికి చెప్పలేదు. అది ఆ రాయిని పెకిలించినవాడికి తప్ప తెలిసే వీలు లేదు.

"మల్ల ముడేసి అదే బొందల పెట్టిన వదినా" అని కొమురెల్లి గబగబా చెప్పాడు. "ఒట్టు. రాళ్లే మార్చిన. గాజులు మాత్రం అన్న కాన్నే ఉన్నయి. నల్లరాయి కింద. వెంకటనర్సయ్యతోని అన్నకు మొక్కియ్యాల్నని చేసిన. వాడు మొక్కినంక మల్ల మార్చేటోన్నే. సిమెంటు పోసిండ్రు. దెబ్బలకు భయపడ్డ."

హాస్టల్ కిటికీలోంచి ఎవరో బట్టలు దులుపుతున్న చప్పుడు వచ్చింది.

"అయితే గిన్నేండ్లు నేను మాట్లాడింది గా ముసలోనితోనా?"

కొమురెల్లి తల వంచుకున్నాడు.

"నా బిడ్డ పెండ్లి ముచ్చట వానికి చెప్పిన. నా గర్భసంచి తీసేసిండ్రని వానికి చెప్పిన. వాని మీదనే వానికి చాడీలు చెప్పిన." ఆమె గొంతు ఒక దగ్గర నవ్వులా వంకర తిరిగి, మళ్లీ సరిగ్గా రాలేదు. "మా ఆయన గాడ ఒక్కడే పండుకోని, 'గీమె ఒక్కనాడు గూడ రాదాయె' అనుకున్నడు కావొచ్చు."

"వదినా, నన్ను కొట్టు."

"కొడ్తే నీకే బరువు దిగి అల్కగైతది. నేనెందుకు కొడ్త?" అద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. "మా ఆయన ఎడమ పక్కన ఆ ముసలమ్మను పెట్టిండ్రు కదా."

"ఆ."

"ఆమె ఏం పాపం జేసింది? ఆమె గూడ నా లెక్కనే మొగని పక్కకు పోతున్ననుకున్నది." మ్యాపు విప్పి అతని ఒళ్లో పెట్టింది. "కుడి పక్క సూడు. ఎవలన్న ఉన్నరా?"

కొమురెల్లి పదిహేనో నంబరు మీద వేలు పెట్టి కుడికి జరిపాడు.

"ఎవ్వలు లేరు. రెండు మూరల జాగ. అటెన్క కంచె."

"ఆచారంల లేదు. ఆడిది ఎడమ పక్కనే ఉండాలె." ఒంగి మ్యాపులో కంచె గీతను వేలితో ముట్టింది. "కంచె జరుపొచ్చా?"

"జరుపుత వదినా. నేనే జరుపుత."

"జరుపుతవు. అది తర్వాత. ముందుగాల ఆ పిల్లకు చెప్పు. ఊర్ల చెప్పు. వెంకటనర్సయ్య కొడుకులకు చెప్పు, వాళ్ల నాయినమ్మ ఏడున్నదో వాళ్లకు ఎరుక గావాలె. పెత్రమాస నాడు అందరి ముందట చెప్పు. గాజుల ముచ్చట మాత్రం నోట్లెకెళ్లి రానియ్యకు. అది నాది."

"అది చెప్పకుంటే నన్ను ఎవ్వలు నమ్మరు వదినా. అప్పుడు సూసినవు కదా, అందరు నవ్విండ్రు."

"నవ్వితే మల్ల చెప్పు. నమ్మేదాంక చెప్పు." లచ్చవ్వ బెంచీ పట్టుకుని లేచింది. అతను చెయ్యి అందించాడు. ఆమె పట్టుకోలేదు. "నువ్వు నవ్వకు."

బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ పక్క సీటులో కూర్చుంది. బస్సు కదిలేదాకా అతని వైపు తిరగలేదు. ఒక్క చెయ్యి మాత్రం రెండో మణికట్టు మీదే ఉంది.

కొమురెల్లి మ్యాపు మడిచి జేబులో పెట్టుకుని డిపార్టుమెంటుకు తిరిగొచ్చాడు. కౌముది మెట్ల మీద స్నేహితులతో సమోసాలు తింటోంది. అతన్ని చూడగానే మూతి ముడిచింది, కానీ కళ్లల్లో కోపం అప్పటికే కరిగిపోయింది.

"ఏం మామా, ఇంకేం మార్చినవ్? బస్సు నంబరు మార్చి అత్తను పటాన్‌చెరు బస్సెక్కియ్యలే కదా?"

స్నేహితులు నవ్వారు. కొమురెల్లి మ్యాపు తీసి మెట్టు మీద పరిచాడు.

"కోడలా, నాకు పదిహేనేండ్లున్నప్పుడు, పెత్రమాసకు ముందుదినం, గడ్డపార తీసుకోని బొందలగడ్డకు పోయిన. ఏడో నంబరు రాయి..."

"మామా, ప్లీజ్" అని కౌముది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేసింది. పక్కనున్న అబ్బాయికి సమోసా పొరపోయింది.

కొమురెల్లి ఆ నవ్వులు ఆగేదాకా నిలబడ్డాడు. తన మొహం కదలకుండా పట్టుకున్నాడు. అది ఎంత కష్టమో అరవై ఏళ్లలో మొదటిసారి తెలిసింది.

"నాకు పదిహేనేండ్లున్నప్పుడు" అని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.